అబిగయీలు ఐసు పెట్టె

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో రొయ్యల పరీక్షశాల ఒకటుంది. అందులో పనిచేసే అబిగయీలుకు ఈ భూమ్మీద నచ్చిన మనిషి ఒక్కడే, వాళ్ళ నాయన క్రీస్తురాజు. ఆయన పోయి పదహారేళ్ళయింది. బతికుంటే ఆయన కూడా నచ్చేవాడు కాదేమోనని ఆమె భర్త ఆనందబాబు అంటాడు. అదీ ఆమె పక్కన లేనప్పుడే అంటాడు.

చదువుకున్నవాళ్ళంటే ఆమెకు చిన్నచూపు, వాళ్ళకు చేతులతో పని రాదని. చదువుకోనివాళ్ళంటే ఇంకా చిన్నచూపు, చెప్పింది బుర్రకెక్కదని. గుడిలో గొంతెత్తి ఏడుస్తూ ప్రార్థించేవాళ్ళను చూస్తే ఒళ్ళు మంట. గొంతెత్తనివాళ్ళకు భక్తి లేదని ఫిర్యాదు. ఎవరు ఎదురుపడినా ఎడమవైపు పెదవి కొద్దిగా విరిచి, కళ్ళు సగం మూసి, ఆ మనిషి నెత్తిమీదుగా గోడకేసి చూస్తుంది. ఆ చూపు తగిలిన మనిషి ఆ పూట అన్నం సరిగా తినడు. ఇరవై ఆరేళ్ళుగా ఆనందబాబు ఎలా తింటున్నాడో దేవుడికే తెలియాలి.

ఇంత పొగరు ఉత్తినే వచ్చిందా అంటే, లేదు. అదే వచ్చిన చిక్కు. ఇంటర్ అయిపోగానే రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోయింది. ఐసు నీళ్ళలో నానీ నానీ వేళ్ళు పగిలేవి. ఆ పగిలిన వేళ్ళతోనే నెల్లూరులో ఒక కాలేజీలో గాజు గొట్టాలు కడిగే ఉద్యోగం సంపాదించింది. గొట్టాలు కడుగుతూ దూరవిద్యలో బీఎస్సీ కట్టి పాసయి, ఈ పరీక్షశాలలో చేరింది. ఆరేళ్ళ కిందట ఈ పరీక్షశాలకు ఎన్నెమ్మార్ యంత్రం వస్తే, దాన్ని బిగించడానికి బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు దిగాడు. నేర్చుకోవాల్సిన పెద్దమనుషులు టీలు తాగుతూ ఉండగా, ఈమె అతని వెనకాల రెండు రోజులు నిలబడి మొత్తం నేర్చేసుకుంది. మూడో నెలలో యంత్రం మొరాయిస్తే ఇంజనీరు ఫోనులో చెప్పిన మూడు సలహాలూ తప్పని తేల్చి, నాలుగోది తానే కనిపెట్టింది. అప్పటినుంచి ఆ గదిలో ఆమె మాటే చెల్లుతుంది.

యంత్రం చూడడానికి పెద్ద రేకు పెట్టె. లోపల బలమైన అయస్కాంతం. ఆస్పత్రుల్లో మనిషిని పడుకోబెట్టి స్కానింగ్ చేస్తారే, దానికి చిన్న చుట్టం. మనిషికి బదులు ఇందులో వేలెడంత గాజు గొట్టం దిగుతుంది. ఆ గొట్టంలో రొయ్య కండ ముక్క. బొమ్మ తీయదు. కండలోని నీరు ఎంత దూరం కదులుతోందో, ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో చెబుతుంది.

ఇదేమిటో చెప్పమని ఒకసారి ప్రేమవిందు రోజున పాస్టరుగారి భార్య ఎలిశబెతమ్మ అడిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి భోంచేస్తున్నారు. అబిగయీలు విస్తరి పక్కకు నెట్టి, ఎదురుగా వేసిన షామియానా చూపించింది.

"ఆ గుడ్డల లోపల చూడండమ్మా. జనం ఎట్ట కిక్కిరిసి ఉన్నారో. అడుగు తీసి అడుగు వెయ్యలేరు. బయటోళ్ళు చూడండి, ఇష్టమొచ్చినట్టు తిరగతా ఉండారు. రొయ్య కండలో నీళ్ళూ అంతే. కణాల లోపలుండే నీళ్ళు గోడలకు తగులుకుంటా కొంచెం దూరమే పోతాయి. బయటుండేవి చాలా దూరం పోతాయి. మా యంత్రం నీళ్ళకు ఆనవాలు పెట్టి, ఒక్క రవ్వ ఆగి, ఏది ఎంత దూరం పోయిందో చూస్తది. చూసి మళ్ళా కొంచెం ఆగుతది. ఆగి అవే నీళ్ళను రెండోసారి చూస్తది. ఇందాక ఇరుకులో ఉన్నది ఇప్పుడు తీరిగ్గా తిరగతా కనపడిందనుకోండి, అది గోడ దాటి బయటికి వచ్చినట్టే గదా?"

"దాటితే ఏమైతది?" అంది ఎలిశబెతమ్మ.

"షామియానాకు ఒకటే వాకిలి ఉంటే ఒకరొకరే వస్తారు. పక్క గుడ్డలు చినిగిపోయుంటే లోపలోళ్ళు బయటికి, బయటోళ్ళు లోపలికి, అంతా కలగాపులగం. తాజా రొయ్యలో గోడలు గట్టిగా ఉంటాయి, మార్పిడి నిదానంగా జరగతది. ఒకసారి గడ్డకట్టిందంటే లోపల మంచు సూదులు లేచి గోడల్ని చింపేస్తాయి. మళ్ళా కరిగించినా ఆ చిరుగులు అతుక్కోవు. కంటికి తాజాగానే కనపడతది. యంత్రానికి మాత్రం దొరికిపోతది."

ఇంతకన్నా చక్కగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "అర్థం కాలేదులే మీకు," అని పెదవి విరిచి విస్తరి ముందుకు లాక్కుంది. అర్థమైన ఎలిశబెతమ్మ మొహం చిన్నబోయింది.

ఆ పరీక్ష వెనక ఒక అవసరం ఉంది. ఈ తీరంలో రొయ్యలు కొని విదేశాలకు పంపే కంపెనీ ఒకటి, సరుకులో ఎవరో పాత రొయ్యలు కలుపుతున్నారని పసిగట్టింది. కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టి ఉన్నవాటిని కరిగించి, చెరువులో అప్పుడే పట్టినవాటితో కలిపి అంటగడుతున్నారు. అందుకని ప్రతి చెరువులో రొయ్యలు పట్టినప్పుడు, ఆ పట్టుబడి నుంచి కొన్ని నమూనాగా ఈ పరీక్షశాలకు రావాలని పెట్టారు. ఇక్కడ "తాజా" అని రాస్తే సరే. "ఒకసారి గడ్డకట్టి కరిగినవి" అని రాస్తే ఆ రైతు పేరు జాబితాకు ఎక్కుతుంది. జాబితాకెక్కిన చెరువు గట్టుకు ఆ కంపెనీ బండి రాదు. దాన్ని చూసి మిగతా కంపెనీల బండ్లూ రావు.

పరీక్షశాలకు అధికారి డాక్టర్ సుశీల్ కుమార్. ముప్పై రెండేళ్ళవాడు, నెల్లూరు పట్టణం మనిషి, పీహెచ్‌డీ చేశాడు. మెత్తగా మాట్లాడతాడు. అతన్ని లెక్కచేయకపోవడానికి అబిగయీలుకు ఒక్క కారణం చాలింది. రొయ్య తింటే అతనికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. రొయ్యల పరీక్షశాలకు పెద్దయి ఉండి రొయ్య తినలేడు! ఆ సంగతి తెలిసిన రోజున ఆమె ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ దగ్గింది. మొహాన "సార్" అనే అంటుంది. ఆ "సార్"లో ఎంత వెటకారం ఉంటుందో అతనికి తెలుసు. తెలిసీ ఏమీ అనడు. అసలు తప్పు అక్కడే ఉంది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు కిందివాళ్ళకు భయపడితే జరగకూడనివన్నీ జరుగుతాయి.

ఎండలు ముదిరాక అతను "నమూనాలు తెచ్చే పద్ధతి" అని ఏడు వరుసలు తెలుగులో టైపు చేసి ఆమె చేతికిచ్చాడు. ఇందుకూరుపేట మండలంలోని చెరువులు పరీక్షశాలకు పక్కనే. చిల్లకూరు వైపు చెరువులు అలా కాదు, నమూనా రావడానికి రెండు గంటల పైన పడుతుంది. ఆ ఎండలో నమూనా పాడవకూడదని అతని తాపత్రయం. ఆమె మొదటి వరుస చదివింది. "ఐసు శుభ్రంగా ఉండాలి." చదివి పెదవి విరిచింది. "ఐసు గురించి నాకు చెప్పొచ్చినాడు," అనుకుంది. ఆ కాయితం టీ ఫ్లాస్కు కింద మరకలు పడకుండా వేసుకుంది.

ఐసు వాళ్ళ నాయన విద్య. క్రీస్తురాజు మైపాడు తీరంలో చేపల బుట్టలకు ఐసు కొట్టి సర్దేవాడు. దూరం పోయే బుట్ట అయితే ఐసు పొరకూ పొరకూ మధ్య దోసెడు రాళ్ళ ఉప్పు చల్లేవాడు. ఉప్పు వేస్తే చలవ పెరుగుతుందని ఆయన మాట. అది నిజం. చలవ ఎక్కువసేపు నిలుస్తుందని కూడా అనేవాడు. ఇది మాత్రం అబద్ధం. ఉప్పు పడిన ఐసు మామూలు ఐసు కన్నా చాలా చల్లబడుతుంది గాని తొందరగా కరుగుతుంది. ఆయన బుట్టల్లో చేపల అంచులు కాస్త గడ్డకట్టినా ఎవరికీ పట్టలేదు. నెల్లూరులో చేప కొనుక్కున్నవాళ్ళెవరూ కణాల గోడలు చూడలేదు. కణాల గోడలు చూసే కూతురు పుడుతుందని పాపం ఆయనకేం తెలుసు?

ఆ కూతురు చిల్లకూరు వైపు పోయే ప్రతి పెట్టెలోనూ నాయన పద్ధతిలో రెండు దోసిళ్ళ ఉప్పు చల్లి, జీపు డ్రైవరు ముఖేష్‌తో పంపేది. దగ్గరి చెరువులకు ఉప్పు అవసరం లేదని వేసేది కాదు. నమూనా తిరిగొచ్చేసరికి ఐసు దాదాపుగా నీళ్ళయిపోయి, రొయ్యలు చల్లగా, మెత్తగా ఉండేవి. దారిలో అవి ఏమయ్యాయో ఎవరూ చూడలేదు.

రెండు నెలల్లో ఎనిమిది చెరువుల మీద "ఒకసారి గడ్డకట్టి కరిగినవి" అని వచ్చింది. ఎనిమిదీ చిల్లకూరు వైపువే. బుద్ధున్న మనిషైతే అక్కడ ఆగి ఆలోచించాలి. ఒక్క వైపు చెరువులే ఎందుకు దొరుకుతున్నాయి, దగ్గరవాళ్ళలో ఒక్క దొంగైనా ఎందుకు లేడు అని అడగాలి. అబిగయీలుకు ఆ అవసరం రాలేదు. ఆమె దగ్గర జవాబు ముందే ఉంది.

"చూసినారా సార్, వరి పండించుకునేవోళ్ళు రొయ్యల్లోకి దిగితే ఇట్టనే ఉంటది. ఓపిక ఉండదు, నీతి ఉండదు. యాడో పాత సరుకు తెచ్చి కలిపేస్తా ఉండారు."

సుశీల్ కుమార్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "పెట్టెలో వేసేది మామూలు ఐసేనా అబిగయీలు గారూ?" అని అడిగాడు.

"పుట్టినకాడ్నుంచీ ఐసు చూస్తా ఉండాను సార్," అని ఆమె గోడకేసి చూసింది.

అతను తన గదిలోకి పోయాడు.

ఆ ఎనిమిదిమందిలో ఏడుగురు జాబితాకెక్కి, తిట్టుకుని ఊరుకున్నారు. ఎనిమిదో మనిషి వెంకటశేషమ్మ ఊరుకోలేదు. అరవై ఏళ్ళావిడ. పైరు నాటీ కోసీ గట్టిపడిన చేతులు. సముద్రం వైపున్న ఉప్పు నేలలో వరి రాక, రెండు చెరువులు తవ్వించింది. మొదటి చెరువు రొయ్యలతోనే ఆవిడ పేరు జాబితాకెక్కింది. రెండో చెరువు పట్టుబడికి వచ్చింది. పక్క చెరువుల్లో తెగులు మొదలైంది, తన చెరువులోనూ రోజుకు నాలుగు చచ్చి తేలుతున్నాయి. వారంలోగా పట్టకపోతే చెరువంతా పోతుంది. పట్టినా కొనే బండి గట్టుకు రాదు.

మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం బయట చెప్పులు విడిచి, పరీక్ష ఫలితం రాసిన కాయితం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మేడం, మా రొయ్యలు ఫ్రిజ్జు మొహమే చూళ్ళేదు. తెల్లారి వల వేసి పట్టినాం, అట్టనే తూకం వేసి ఇచ్చినాం. మీరు ఇంకోసారి చూడాల."

"చూసేది నేను కాదమ్మా, యంత్రం. దానికి మీ ఊరూ తెలీదు, మా ఊరూ తెలీదు. అబద్ధం చెప్పాల్సిన పని దానికేముంది?"

"నాకు మాత్రం ఏముంది మేడం?"

అబిగయీలు పెదవి విరిచి, వెంకటశేషమ్మ నెత్తిమీదుగా గోడ గడియారం చూసింది. ఆవిడ కాయితం మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున మళ్ళీ దిగింది. ఈసారి చెప్పులు విడవలేదు. ఒళ్ళో పసిబిడ్డను పట్టుకున్నట్టు, గాలి నింపిన పెద్ద ప్లాస్టిక్ సంచి పట్టుకుంది. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి రొయ్య పిల్లలను తెచ్చే ఆక్సిజన్ సంచి అది. అందులో చెరువు నీళ్ళు, నీళ్ళలో ఆరు రొయ్యలు, ఆరూ ప్రాణాలతో మీసాలు ఆడిస్తున్నాయి. చిల్లకూరు నుంచి గూడూరు ఆటోలో, గూడూరు నుంచి నెల్లూరు బస్సులో, నెల్లూరు నుంచి మళ్ళీ ఆటోలో ఆ సంచిని దించకుండా వచ్చింది.

"ఇవి బతికుండాయా లేదా?" అని అడిగింది. మేడం అనలేదు.

"బతికుంటే?"

"నా కళ్ళముందు చంపి, నీ యంత్రంలో పెట్టి చూడు."

గోల విని సుశీల్ కుమార్ బయటికొచ్చాడు. "చూద్దాం అబిగయీలు గారూ, పోయేదేముంది?" అన్నాడు. ఆమె విసుగ్గా ఒక రొయ్యను తీసి, తల తుంచి, కండ కోసి గొట్టంలో దించింది. యంత్రం ముప్పావుగంట టకటకలాడింది. తెరమీద లెక్క తేలింది. మార్పిడి నిదానం, గోడలు గట్టివి. ఇంత తాజా కండ ఆ గదికి ఎప్పుడూ వచ్చి ఉండదు.

"తాజానే," అంది అబిగయీలు. వెంకటశేషమ్మ మొహంలో వెలుగు రాబోతుండగానే అందుకుంది. "ఇప్పుడు తెచ్చినవి తాజావి. ఆ రోజు కంపెనీకి ఇచ్చినవి ఏవో నాకేం తెలుసు? సంచిలో మంచివి పట్టుకొచ్చి చూపిస్తే పాతయి తాజా అయిపోతాయా?"

సుశీల్ కుమార్ తల దించుకున్నాడు. వెంకటశేషమ్మ దించుకోలేదు.

"సరే. ఇంకా అయిదుండాయి. ఆ రోజు నా సరుకు ఎట్ట తెచ్చినారో అట్టనే తీసుకురండి వీటిని. అదే పెట్టె, అదే ఐసు. అంతసేపూ ఉంచి, అప్పుడు చూడండి."

ఇందులో కాదనడానికి ఏమీ లేదు. అబిగయీలుకు ఉత్సాహం కూడా వచ్చింది, ఈ ముసలమ్మ పీడ ఈ పూటతో విరగడవుతుందని. థర్మకోల్ పెట్టె తెచ్చి ఐసు పరిచింది. రెండు రొయ్యలను సంచిలోంచి తీసి, కవరులో కట్టి ఐసు మీద పెట్టింది. పైన ఐసు వేసింది. అలమర మీంచి పొట్లం తీసి దోసిలి నింపుకుంది.

"అదేంది, ఉప్పా?" అంది వెంకటశేషమ్మ.

"మీకు తెలీదులే. దూరం పోయేదానికి చలవ నిలబడాలని వేస్తాం."

"తెలీకేం? మా ఊరికొచ్చే పాల ఐసు వాడు బానలో ఐసు పోసి ఇట్టనే ఉప్పేస్తాడు. గొట్టంలో పాలు పోసి అందులో తిప్పినాడంటే పది నిమిషాల్లో గడ్డకట్టి పుల్ల ఐసు అయితది." ఆవిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "పాలే గడ్డకడితే అమ్మాయ్, రొయ్య కట్టదా?"

అబిగయీలు నవ్వింది. నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడ ఆగింది. చేతిలోని ఉప్పు పెట్టెలో పోసి మూత వేసింది. మూతమీద చెయ్యి తీయలేదు. ఉప్పు వేస్తే నీరు గడ్డకట్టే చలవ కన్నా కిందికి దిగుతుందని బీఎస్సీ మొదటేడులో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషి. ఆ పాఠమూ నాయన బుట్టా ఆమె బుర్రలో పక్కపక్కనే ఉండి ముప్పై ఏళ్ళుగా ఒకదాన్నొకటి ఎరగవు.

"ఒకసారి మూత తీయమ్మా, చూద్దాం," అంది వెంకటశేషమ్మ అరగంటకు.

తీసింది. కవరు విప్పి బల్లమీద వంచింది. రెండు రొయ్యలూ బల్లమీద టక్కున పడ్డాయి, గులకరాళ్ళు పడ్డట్టు. ఒకటి దొర్లి అంచుదాకా పోయింది.

అబిగయీలు వాటిని మళ్ళీ కవరులో వేసి, మూత పెట్టి, మిగతా సమయం కూడా గడిచేదాకా స్టూలు మీద కూర్చుంది. ముఖేష్ జీపు వచ్చేటంత సేపటికి ఐసు నీళ్ళయింది, రొయ్యలు మెత్తబడ్డాయి, ఎప్పుడూ వచ్చినట్టే చల్లగా తాజాగా కనిపించాయి. కండ కోసి గొట్టంలో దించింది. తెరమీద వచ్చేది ఆమెకు ముందే తెలుసు. అయినా టకటకలన్నీ ఒక్కొక్కటే విన్నది. గోడలు చినిగిపోయి ఉన్నాయి. లోపలి నీరు బయట తిరుగుతోంది.

తెర ఆమె వైపుకే ఉంది. వెంకటశేషమ్మకు ఆ గీతలు చదవడం రాదు. సుశీల్ కుమార్ తన గదిలో ఫోనులో ఉన్నాడు. "యంత్రం ఇవ్వాళ సరిగా లేదు" అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని ఆపింది మంచితనం కాదు. ఆమెలో అంత మంచితనం లేదు. అబద్ధాలకోరులను జీవితమంతా చీదరించుకుంది, ఇక తనను తాను అలా చూసుకుంటూ ఎక్కడికని పోతుంది? అంతే. సిగ్గుతో మెడ దాకా మండింది.

"మీ రొయ్యలు తాజావే," అంది. "చెడగొట్టింది నేనే. ఉప్పేసి."

సుశీల్ కుమార్ వచ్చి తెర చూశాడు. ఈ రెండు నెలల్లో దూరం పోయిన పెట్టెలన్నీ ఇలాగేనా అని అడిగాడు. ఎనిమిదీ ఇలాగేనంది. అతను గొంతు తగ్గించాడు.

"కంపెనీకి ఉత్తరం రాయాలి. దారిలో నమూనా పాడయిందని రాద్దాం. ముఖేష్ పెట్టె సరిగా చూసుకోలేదని... మీ పేరు ఎందుకులెండి."

"వాడికి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు సార్. వాడి మీద పెడితే ఎవరు నమ్ముతారు?" అంది, పాత అలవాటు కొద్దీ. తర్వాత గొంతు మారింది. "నా పేరే రాయండి. అబిగయీలు, టెక్నీషియన్, అని."

"నేను అందులో రాశాను గదండీ," అన్నాడు అతను నెమ్మదిగా. "ఆ కాయితంలో. నాలుగో వరుస."

ఆమె ఫ్లాస్కు ఎత్తి కాయితం బయటికి తీసింది. మధ్యలో టీ మరక గుండ్రంగా ఎండి ఉంది. ఆ మరక కింద నాలుగో వరుస స్పష్టంగానే ఉంది. "ఐసులో ఉప్పు కలపరాదు. కలిపితే నమూనా గడ్డకట్టును." రొయ్య తింటే దద్దుర్లు లేచే మనిషి, ఈ తీరంలో ఐసుకు ఉప్పు వేసే అలవాటుందని విని, ఆమె కోసమే రాసిన వరుస అది. రాసినవాడు దాన్ని రెండోసారి నోటితో చెప్పడానికి జంకాడు. చదవాల్సిన మనిషి చదవలేదు. వీళ్ళిద్దరి మర్యాదకూ పొగరుకూ మధ్య ఎనిమిది చెరువులు నలిగిపోయాయి.

ఉత్తరం ఆ సాయంత్రమే వెళ్ళింది. పేర్లు జాబితాలోంచి తీసేశారు. అప్పటికే వాళ్ళలో ఇద్దరు సరుకును నాయుడుపేట దళారులు అడిగిన ధరకు ఇచ్చుకుని, చెరువులు వేరేవాళ్ళకు అప్పగించేశారు. వాళ్ళ నష్టం ఏ ఉత్తరంతోనూ తిరిగి రాదు. అబిగయీలు ఆ ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళింది. ఒకరు తలుపు తీయలేదు. రెండోవాళ్ళు మంచినీళ్ళిచ్చి, ఆమె చెప్పేదంతా విని, పోయిరమ్మన్నారు. ఇదే ఎక్కువ బాధించిందని ఆమె ఆనందబాబుతో అంది. పెళ్ళయ్యాక అతనితో ఆమె తన తప్పు గురించి మాట్లాడడం అదే మొదలు. అతను ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు.

వెంకటశేషమ్మ రెండో చెరువు పట్టుబడి శుక్రవారం పెట్టుకున్నారు. కంపెనీ బండి వస్తానంది, నమూనా మళ్ళీ పరీక్షకు వెళ్ళాలన్న షరతు మీద. గట్ల మీద బురద తొక్కడానికి ఎన్నడూ దిగని అబిగయీలు, ఆ రోజు ముఖేష్ పక్కన కూర్చుని తానే పెట్టె తీసుకుని వెళ్ళింది. తెల్లవారుతూనే వల లాగుతున్నారు. గట్టు మీద కూలీలు, కంపెనీ మనుషులు, చుట్టుపక్కల చెరువులవాళ్ళు. జాబితాకెక్కి దిగినవాళ్ళు కూడా ముగ్గురున్నారు. ఆమెను చూసి దారి ఇచ్చారు గాని ఎవరూ పలకరించలేదు.

ఆమె పెట్టె దించి, నమూనా రొయ్యల కోసం చెయ్యి చాపింది. వెంకటశేషమ్మ ఇవ్వలేదు. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి పెట్టె ముందు కూర్చుని, మూత తానే తీసింది. ఐసులో చెయ్యి పెట్టి అడుగునుంచి ఒక ముక్క తీసింది. గట్టు మీద అందరూ చూస్తుండగా దాన్ని నోట్లో వేసుకుంది.

చప్పరించింది. ఇటు దవడకూ అటు దవడకూ మార్చింది. తొందరపడలేదు. అబిగయీలు చేతులు కట్టుకుని నిలబడింది. చూడడానికి ఆ గట్టు మీద గోడ కూడా లేదు.

వెంకటశేషమ్మ ఐసు పక్కకు ఉమ్మింది.

"ఊఁ. పెట్టుకో," అంది.

ఆ కబురు చెరువు నుంచి చెరువుకు పాకింది. ఇప్పుడు చిల్లకూరు వైపు ఏ గట్టు మీద ఆమె పెట్టె దించినా, రైతు వచ్చి మూత తీసి ఒక ఐసు ముక్క నోట్లో వేసుకోవడం రివాజయింది. కొందరు నవ్వుతూ వేసుకుంటారు, కొందరు నవ్వరు. మొదట్లో రెండు మూడుసార్లు ఆమె ఎడమవైపు పెదవి విరగబోయి ఆగింది. తర్వాత తర్వాత వాళ్ళు వచ్చేదాకా ఆగడం మానేసింది. పెట్టె దించగానే మూత తనే తీసి, అడుగున చెయ్యి పెట్టి ఒక ముక్క ఏరి, ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ అందిస్తుంది.